మందు పనిచేయలేదా, లెక్క తప్పిందా: ధర్మసాగర్ తోటలో ఐదు కుక్కలు, రెండు పిల్లుల కేసు

ఆగస్టు చివరి వారం, ముసురు పట్టిన పొద్దు. ధర్మసాగర్ దిక్కు మామిడితోట ఉన్న రైతు ఒకాయన హన్మకొండలోని నా క్లినిక్‌కు వచ్చి రెండు ఖాళీ గోలీల షీట్లు, సగం ఖాళీ అయిన ఒక సీసా టేబుల్ మీద పెట్టాడు.

"సారూ, జూన్ సంది నెలకో తీరు నట్టల మందు తాపిస్తున్న. ఒక్కటి పనిచేస్తలేదు. కుక్కలు పుల్లల లెక్క అయినయి. కుక్కపిల్లలకైతే పండ్ల చిగుళ్లు తెల్లగైనయి."

మూడు నెలలు, మూడు మందులు, ఫలితం లేదు. ఈ మాట విన్న డాక్టరుకు మొదట తట్టేది కడుపులో పురుగులు మందుకు అలవాటు పడ్డాయనే. నాకూ అదే తట్టింది. ఆ షీట్లను వెలుతురుకు పెట్టి వెనకవైపు సన్నక్షరాలు చదివితే రెండూ ఒకటే మందు: ప్రాజిక్వాంటెల్, పైరాంటెల్, ఫెబాంటెల్ కలిపింది. కంపెనీ వేరు, పేరు వేరు, రంగు వేరు. సీసాలో ఉన్నది మేకలకు పోసే నట్టల మందు, ఆల్బెండజోల్. కుక్కల్లో అది ఎముక మజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉంది కాబట్టి నేను వాడను. కాబట్టి ఆయన మార్చిన మందులు నిజానికి రెండే, అందులో ఒకటి కుక్కలది కానే కాదు.

మోతాదు అడిగాను. "ఒక్కోదానికి ఒక్కో గోలీ, బువ్వల కలిపి పెట్టిన." ఆ గోలీ 10 కిలోల బరువుకు ఒకటి చొప్పున వేయాలి. బ్రూనో అనే లాబ్రడార్ చూడ్డానికే ముప్పై కిలోలు ఉంటుంది, దానికి అందింది మూడో వంతు. బువ్వ తిని గోలీని గిన్నె అడుగున వదిలేసే కుక్కలు ఎన్నో నాకు తెలుసు. పిల్లలు చిన్నవని వాటికి అసలే ఇవ్వలేదు. పది వారాల వయసొచ్చింది. రెండో వారం నుంచే మొదలుపెట్టాల్సిన మందు అది.

ఇక్కడితో "సరిగ్గా తూచి ఇవ్వండి" అని చీటీ రాసి పంపేయొచ్చు. రోజూ మనం చేసేది అదే. కానీ మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు అది జవాబు కాదు. అమెరికాలో పందెం గ్రేహౌండ్ కుక్కల్లో పైరాంటెల్‌కూ, ఫెన్‌బెండజోల్ వర్గానికీ, ఐవర్‌మెక్టిన్ వర్గానికీ, మూడింటికీ లొంగని కొంకి పురుగుల (హుక్‌వార్మ్‌లు, పేగుకు పట్టి రక్తం తాగే నట్టలు) గురించి 2019 నుంచి పరిశోధన పత్రాలు వస్తున్నాయి. అక్కడ ఉన్నది ఇక్కడ ఉండదని ఏ ధైర్యంతో అంటాం? లెక్క పెట్టి చూద్దామని ఆయనకు చెప్పాను. ఒప్పుకున్నాడు గానీ "లెక్కనా? పురుగులనా?" అని నవ్వాడు.

గుడ్ల లెక్క

కంపెనీలు కొత్త మందుకు అనుమతి తెచ్చుకునేటప్పుడు చేసే పరీక్ష వేరు. పురుగులున్న జంతువులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మందిచ్చి, తర్వాత పేగులు కోసి మిగిలిన పురుగులను ఎంచుతారు. పశువుల మందుల అనుమతికి పలు దేశాలు ఉమ్మడిగా పాటించే వీఐసీహెచ్ మార్గదర్శకాల్లో కుక్కలది 19వది, పిల్లులది 20వది. గుంపుకు కనీసం ఆరు జంతువులు ఉండాలి, మందు కనీసం 90 శాతం పురుగులను తీసేయాలి. మన దగ్గరికొచ్చిన కుక్కను కోయలేం కదా. మనకున్న దారి మలంలో గుడ్లను ఎంచడమే: మందుకు ముందొకసారి, మందు వేసిన 10 నుంచి 14 రోజుల మధ్య ఇంకొకసారి. గొర్రెలు, మేకల్లో ఈ తగ్గుదల 95 శాతం కన్నా తక్కువైతే మందును అనుమానించడం ఆనవాయితీ. నేను ఆ గీతనే అరువు తెచ్చుకున్నాను.

10–14 రోజులు ఎందుకంటే, కొంకి పిల్లపురుగు కుక్క లోపలికి పోయి, పెరిగి, గుడ్లు పెట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది. అంతకన్నా ఆలస్యంగా ఎంచితే కొత్తగా సోకినవి కూడా లెక్కలోకి వచ్చి పాపం మందు నెత్తిన పడుతుంది. మరీ తొందరగా, మూడో రోజో నాలుగో రోజో ఎంచితే చావకుండా తాత్కాలికంగా గుడ్లు ఆపేసిన పురుగులు మనల్ని మోసం చేస్తాయి.

పరికరం పెద్దదేం కాదు. రెండు గ్రాముల మలం, 28 మిల్లీలీటర్ల చిక్కటి ఉప్పునీళ్లు. కళ్లుప్పును ఇక కరగనంతవరకు కలిపిన నీళ్లవి. చాయ్ వడబోసే జాలితో వడబోసి మెక్‌మాస్టర్ పలక (సూక్ష్మదర్శిని కింద గుడ్లను ఎంచే పలక) గదుల్లో నింపి ఐదు నిమిషాలు ఆగితే గుడ్లు పైకి తేలతాయి. రెండు గదుల్లో కలిపి 0.3 మిల్లీలీటరు, అంటే గ్రాములో యాభయ్యో వంతు. కనబడ్డ ఒక్కో గుడ్డుకూ గ్రాముకు 50 అని లెక్క.

మొదటి నమూనాలు పనికి రాలేదు. ముందురోజు పొద్దున పాలిథిన్ కవర్లలో కట్టి, బండి డిక్కీలో పెట్టుకుని మర్నాడు మధ్యాహ్నం తెచ్చాడు. పలక మీద గుడ్లు తక్కువ, మెలికలు తిరుగుతున్న పిల్లపురుగులు ఎక్కువ. ఈ వేడికీ తడికీ కొంకి పురుగు గుడ్డు ఒక రోజులోనే పొదుగుతుంది, పొదిగింది లెక్కలోకి రాదు. ఇదే పొరపాటు మందు తర్వాతి నమూనాలో జరిగి ఉంటే? గుడ్లు మాయమై, మందు అద్భుతంగా పనిచేసిందని రాసుకునేవాణ్ణి. పనిచేయని మందుకు కూడా మంచి పేరు అలా వస్తుంది. మూతలున్న చిన్న డబ్బాలు, ఐసు ముక్కలు వేసిన చాయ్ ఫ్లాస్కు ఇచ్చి, కుక్క దొడ్డికి కూర్చోగానే తీసి రెండు గంటల్లో తెమ్మన్నాను.

బరువులు వాళ్ల పత్తి కాంటా మీద చూశాం. ఆయన ఒక్కడే ఎక్కితే ఎంత, కుక్కనెత్తుకుని ఎక్కితే ఎంత, తేడా కుక్కది. బ్రూనో 31.4 కిలోలు. టైగర్ అనే ఊరకుక్క 19.6. పిల్లల తల్లి మల్లి 15.8. పిల్లలు రెండూ మూడు కిలోల అటూ ఇటూ.

గ్రాముకు గుడ్లు: టైగర్ 850, బ్రూనో 400, మల్లి 1,300, పెద్ద పిల్ల 2,100, చిన్న పిల్ల 1,750. మొత్తం 6,400. పెద్ద పిల్ల రక్తంలో ఎర్రకణాల వాటా 18 శాతమే ఉంది. ఒక్కో కొంకి పురుగు రోజుకు 0.1 మిల్లీలీటరు దాకా రక్తం పోగొడుతుంది. మూడు కిలోల పిల్లలో ఉండే రక్తం మొత్తం పావు లీటరు. పేగులో వంద పురుగులుంటే రోజుకు 10 మిల్లీలీటర్లు పోయినట్టే. చిగుళ్లు తెల్లబడ్డాయంటే ఆశ్చర్యం ఏముంది?

పరీక్షించాల్సింది ఆయన తిట్టిన మందునే కాబట్టి అదే వాడాను. పెద్దవాటికి గోలీలు తూకం ప్రకారం, పిల్లలకు అదే వర్గం సిరప్. గోలీలను కోడి కార్జం ముక్కల్లో దూర్చి నా చేత్తో తినిపించి, పది నిమిషాలు అక్కడే కూర్చున్నాను. టైగర్ ఒకటి ఉమ్మేసింది, మళ్లీ పెట్టాను. పిల్లలకు ఐరన్ టానిక్ మొదలుపెట్టి, వాటిని మట్టిలోంచి తీసి సిమెంటు నేల గదిలోకి మార్పించాను.

పన్నెండో రోజు

టైగర్ 650. బ్రూనో సున్నా. మల్లి 150. పెద్ద పిల్ల సున్నా, చిన్న పిల్ల 50. మొత్తం 850. తగ్గుదల 86.7 శాతం.

95కూ తక్కువ, 90కీ తక్కువ. ఆ సాయంత్రమే ఫోన్ చేసి "మీ కుక్కల్లో పురుగులు ఈ మందుకు లొంగుతలేవు, ఇంకోటి రాస్తా" అన్నాను. ఆయన అదే రాత్రి హన్మకొండ చౌరస్తాకు వచ్చి కొత్త మందు కొనుక్కుని పోయాడు. ఆ ఖర్చు నా తొందరపాటు వల్ల అయింది, తర్వాత ఒప్పుకుని ఫీజులో తగ్గించాను.

రాత్రి క్లినిక్ మూసేముందు అంకెలను మళ్లీ చూసుకుంటే ఒకటి కుదరలేదు. నాలుగు కుక్కల్లో గుడ్లు దాదాపు పోయాయి, ఒక్క టైగర్‌లోనే ముప్పావు వంతు మిగిలాయి. అన్నీ ఒకే తోటలో, ఒకే మట్టిలో ఉన్న కుక్కలు. మొండి పురుగులు ఉంటే అన్నింట్లో ఉండాలి గానీ ఒక్కదాంట్లోనే ఎలా ఉంటాయి? టైగర్ పలక ఇంకా కడగలేదు. సూక్ష్మదర్శిని కంటిభాగంలో కొలత గీతల పలక వేసి గుడ్లను ఒక్కొక్కటే కొలిచాను. మొత్తం 13 గుడ్లు. ఒకటి 62 మైక్రాన్ల పొడవు, కుక్క కొంకి పురుగుకు అచ్చంగా సరిపోతుంది. మిగతా 12 ఎనభై దాటాయి. కుక్క కొంకి పురుగు గుడ్డు సాధారణంగా 75 మైక్రాన్లు దాటదు. రూపం ఒకటే, పల్చటి పెంకు, లోపల ద్రాక్షగుత్తిలా కణాలు. కానీ ఈ సైజు మేకల కడుపులోని పురుగులది.

పొద్దున్నే ఫోన్ చేసి అడిగాను: "మీకు మేకలున్నయా?"

"పద్నాలుగు ఉన్నయి సారూ. టైగరే కాస్తది."

"పెంటికలు తింటదా?"

కాసేపు నిశ్శబ్దం. "మా ఇంటామె రోజూ తిడ్తనే ఉంటది దాన్ని."

మేక పెంటికల్లోని గుడ్లు కుక్క పేగులోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చి, కుక్కవే అన్నట్టు పలక మీద కూర్చున్నాయి. మందు వాటినేం చేస్తుంది? అవి కుక్కలో బతకనే లేదు, వచ్చి పోయాయంతే. టైగర్‌ను మూడు రోజులు మేకల దొడ్డికి దూరంగా గొలుసుకు కట్టి మళ్లీ నమూనా తీస్తే ఒక్క గుడ్డు, అంటే 50.

మందుకు ముందు టైగర్‌లో చూసిన 850లో ఎన్ని కుక్కవో, ఎన్ని మేకవో? ఆ పలక ఎప్పుడో కడిగేశాను. అందుకే టైగర్‌ను లెక్కలోంచి పూర్తిగా తీసేశాను. ఒక్క పక్కనే దిద్దితే అంకె అందంగా వస్తుంది గానీ నిజాయితీ కాదు. మిగిలిన నాలుగింటికి 5,550 నుంచి 200, తగ్గుదల 96.4 శాతం. మూడు నెలలుగా తిట్లు తింటున్న మందు తూచి ఇస్తే పనిచేసింది.

అప్పటి నుంచి మేకలున్న ఇంటి కుక్క నమూనా వస్తే గుడ్డును కొలవకుండా ఎంచడం మానేశాను. పల్లెల్లో ఇది అరుదైన సంగతేం కాదు. గొల్ల కురుమల ఇళ్లలో మందతో తిరిగే కుక్క పెంటికలు ముట్టకుండా ఉంటుందా? ఇంకో లాభం కూడా జరిగింది. టైగర్ పుణ్యమా అని మేకల్లో పురుగులున్నాయని తెలిసింది. సర్కారు నట్టల మందు తాపించే రోజున తన మేకలు పెద్దమ్మ ఊర్లో మేస్తున్నాయని అప్పుడు చెప్పాడు.

మల్లి సంగతి

అంకె బాగుంది గానీ మల్లి ఒక్కదాన్నే తీసుకుంటే 1,300 నుంచి 150, తగ్గుదల 88.5 శాతం. పలక మీద 26 గుడ్లు మూడయ్యాయి. మూడు గుడ్లంటే అదృష్టం, దురదృష్టం కూడా లెక్కలోకొస్తాయి, ఇంకో చుక్క తీస్తే ఒకటో ఐదో రావచ్చు. వదిలేయాలనిపించింది. అయితే ముప్పైమూడో రోజు అన్నింటినీ చూసినప్పుడు బ్రూనో, పిల్లలు శుభ్రంగా ఉన్నాయి, మల్లి మాత్రం 700.

మూడు దారులున్నాయి. మందుకు లొంగని పురుగులు. లేదా తోట మట్టిలోంచి కొత్తగా సోకడం, వానాకాలం తడిలో ఒక గుడ్డు వారం లోపే సోకే పిల్లపురుగుగా మారి కుక్క చర్మంలోంచి కూడా దూరుతుంది. లేదా మూడోది: కుక్క కొంకి పురుగు పిల్లలు కొన్ని పేగుకు పోకుండా కండరాల్లో నిద్రపోతాయి. పేగులో పెద్ద పురుగులు చచ్చి చోటు ఖాళీ కాగానే కండరాల్లోంచి లేచి వచ్చి ఆ చోటు నింపుతాయి. పాలిచ్చే కాలంలో అవే పాలల్లోకి పోయి పిల్లలకు అంటుతాయి. మల్లి పిల్లలకు సోకింది ఆ దారినే అని నా అనుమానం.

విడదీయడానికి ఒకటే మార్గం, మట్టిని తీసేయడం. మల్లిని ఎరువుల షెడ్డులో సిమెంటు నేల మీదికి మార్చి, మలం రోజూ ఎత్తి పారేసే ఏర్పాటు చేశాం. అదే మందు, అదే తూకం. పన్నెండో రోజు లెక్క సున్నా. మందుకు లొంగని పురుగులైతే ఈ సున్నా రాదు. ముప్పైమూడో రోజు 350. మట్టి తగల్లేదు, పాత మలం వారం రోజులు నేల మీద నిలవలేదు. ఇక మిగిలింది కండరాల్లోని పిల్లపురుగులే. మొదటిసారి పన్నెండో రోజున కనబడ్డ ఆ మూడు గుడ్లు కూడా, మందు వేసే నాటికి ఇంకా వయసుకు రాక తప్పించుకున్న పురుగులవే అయి ఉండాలి. ఈ మందు పట్టు పెద్ద పురుగుల మీదే ఎక్కువ.

కాబట్టి మల్లిలో ప్రశ్న మందు బలం కాదు, ఎన్నిసార్లు వేస్తున్నామన్నది. పేగులో పెరుగుతున్న పిల్లపురుగులను కూడా చంపే మాక్సిడెక్టిన్ ఉన్న చుక్కలమందును నెలకోసారి మెడ వెనుక వేయడం మొదలుపెట్టాం.

పిల్లులు, దూకే పేలు, పిడుదులు

పిల్లుల విషయం చిన్నదే. బుజ్జి, నల్లది. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కదులుతున్నాయని ఇంటామె చూపించింది. బద్దె పురుగు ముక్కలవి. మెక్‌మాస్టర్ పలక మీద రెండూ సున్నా. ఆ పురుగు ముక్కలు ముక్కలుగా బయటికొస్తుంది, గుడ్లు ఉప్పునీళ్లలో తేలవు. పలకను నమ్మితే మందిచ్చే పనే లేదు. ఇక్కడ ఇంటామె కన్నే మంచి పరికరం. ప్రాజిక్వాంటెల్ ఇచ్చిన రెండో రోజుకు ముక్కలు ఆగాయి, నాలుగో వారంలో మళ్లీ వచ్చాయి.

మళ్లీ "పనిచేస్తలేదు". ఈ పురుగు పిల్లికి అంటేది పేనును నాకి మింగడం వల్ల. దూకే పేలు, మేం ఫ్లీలంటాం. ఐదు నిమిషాలు సన్నదువ్వెనతో దువ్వితే బుజ్జిలో 22, నల్లదాంట్లో 14. ఫిప్రోనిల్ చుక్కలు వేశాం, రెండో రోజుకు 1, సున్నా. నెలకు 11, 8. తప్పు నాదే, చుక్కలు పిల్లులకే వేశాను. పక్కనే పడుకునే ఐదు కుక్కలను మరిచాను, పేల గుడ్లు రాలిన గోనె సంచులనూ మరిచాను. ఆయనైతే పశువులకు కొట్టే పెర్మెత్రిన్ సీసా పట్టుకుని తయారుగా ఉన్నాడు. పిల్లి లివరు దాన్ని విరిచేయలేదు, వణుకు పుట్టి, ఫిట్స్ వచ్చి చచ్చిపోతుంది. ఆ సీసా లాక్కున్నంత పని చేశాను. ఏడింటికీ ఒకేరోజు, పిల్లులకు ఫిప్రోనిల్, కుక్కలకు ఫ్లూరలానర్ గోలీ. సంచులు కొన్ని కాల్చి, మిగతావి ఉడకబెట్టి ఎండబెట్టారు. ఇంకో నెలకు 2, సున్నా. ముక్కలు కనబడలేదు.

ఇవన్నీ అంకెలే గానీ శాతాలు రాయడం లేదు. పేలకూ పిడుదులకూ మందు సామర్థ్యం శాతంలో చెప్పాలంటే మందు వేయని గుంపు పక్కన ఉండాలి, వాతావరణం మారినా పేలు తగ్గుతాయి కాబట్టి. ఇంటి కుక్కల్లో ఒకదాన్ని పేలకు వదిలేయమని నేను చెప్పలేను.

బ్రూనో చెవుల్లో పిడుదులు, అదే గోమార్లు, 31 ఉండేవి. గోలీ వేసిన మూడో రోజు ఆయన మళ్లీ ఫోన్: "ఇంకా పట్టుకొనే ఉన్నయి." వెళ్లి చూస్తే ప్రాణంతో ఉన్నవి రెండు, ఎండిపోయి చర్మానికి అతుక్కుని ఉన్నవి తొమ్మిది. ఈ రకం మందుతో పిడుదు చావాలంటే ముందు కుట్టి రక్తం తాగాలి. చచ్చినా నోరు ఊడదు. కంటికి కనబడే పిడుదును కాదు, కాళ్లాడించే పిడుదును ఎంచాలి.

నవంబరు, ఆ తర్వాత

నవంబరు చివర్లో లెక్క: అన్ని కుక్కలూ సున్నా, మల్లితో సహా. టైగర్‌ను మాత్రం నమూనాకు ముందు మూడు రోజులు కట్టేసి తీశాం. పెద్ద పిల్ల ఎర్రకణాల వాటా ఐదో వారానికే 31 శాతానికి వచ్చింది, ఇప్పుడు చెప్పులు కొరుకుతోందని ఫిర్యాదు. ఇంటామె మడమ మీద, కొంకి పిల్లపురుగు మట్టిలోంచి చర్మంలో దూరినప్పుడు వచ్చే ఎర్రటి వంకర గీత పాకితే చర్మం డాక్టరు దగ్గరికి పంపాను, మందు వాడి తగ్గిందట. తోటలో చెప్పుల్లేకుండా తిరగొద్దని ఆమెకు చెప్పడం తేలిక, పాటించడం కష్టం.

డిసెంబరు మధ్యలో ఫోన్. కార్తీక పౌర్ణమికి ఇంటిల్లిపాదీ వేయిస్తంభాల గుడికి పోయిన రోజు షెడ్డు తలుపు గొళ్లెం పెట్టడం మరిచారట. మల్లి మళ్లీ కడుపుతో ఉంది. ఆపరేషన్ చేయిద్దామని సెప్టెంబరు నుంచి చెబుతున్నాను, పత్తి ఏరుడు అయిపోనీ అంటూ వచ్చాడు. కాస్త విసుక్కున్నాను గానీ కోప్పడి లాభం లేదు. చుక్కలమందు ఆపించి, కడుపు 40వ రోజు నుంచి ఈనిన 14వ రోజు దాకా రోజూ కిలోకు 50 మిల్లీగ్రాముల చొప్పున ఫెన్‌బెండజోల్ రాశాను, కండరాల్లోంచి లేచేవి పాలల్లోకి పోకుండా. కడుపుతో ఉన్న కుక్క బరువు వారం వారం మారుతుంది కాబట్టి ప్రతి ఆదివారం పత్తి కాంటా ఎక్కించి ఆ అంకె వాట్సాప్‌లో పంపమన్నాను. మొదటి ఆదివారం ఫోటో వచ్చింది: కాంటా మీద ఆయన, చేతుల్లో మల్లి, వెనక నోట్లో ఏదో నములుతూ టైగర్.